నేరస్థలంలో వెతకడం ఎలా?

2020 సెప్టెంబరు 5, శనివారం. అర్ధరాత్రి దాటాక మా సఖినేటిపల్లి మండలంలోని అంతర్వేదిలో మంటలు లేచాయి. లక్ష్మీనరసింహస్వామి వారి రథం, దాన్ని నిలిపి ఉంచే షెడ్డులోనే, తెల్లవారేసరికి బొగ్గూ బూడిదా అయిపోయింది. సుమారు 60 ఏళ్లనాటి టేకు రథం అది. ఏటా భీష్మ ఏకాదశినాడు వేలమంది చేతులు వేసి లాగిన రథం.

మంట చల్లారకముందే కథలు మొదలయ్యాయి. తేనెతుట్టె కోసం ఎవరో పెట్టిన నిప్పు అంటుకుందని కొందరు, కాదు, కావాలనే తగలబెట్టారని కొందరు అన్నారు. ఎవరికి తోచింది వారు చెప్పారు. ఆందోళనలు జరిగాయి. వారం తిరగకుండానే కేసును సి.బి.ఐ.కి అప్పగించాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమినాడు, కొత్త రథం వచ్చింది.

పిల్లలూ! ఆ రాత్రి నిప్పు ఎలా పుట్టిందన్నది ఈ వ్యాసం తేల్చే విషయం కాదు. అది తేల్చవలసినవారు వేరే ఉన్నారు. నేను మీ ముందు పెట్టే ప్రశ్న ఇది: పది నోళ్లు పది కథలు చెబుతున్నప్పుడు, వాటిలో ఏది జరగడానికి వీలుంది, ఏది జరగడానికి వీలులేదు అని చెప్పగలిగిన సాక్షి ఎవరు? ఆ సాక్షి షెడ్డు నేల మీదే ఉంది. బూడిద, కాలిన దుంగలు, కరిగిన తీగలు, నేలలో ఇంకిన తడి. దానికి నోరు లేదు. దాని చేత మాట్లాడించడానికి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి తప్పితే అది మళ్లీ ఎన్నటికీ మాట్లాడదు. ఆ పద్ధతిని గురించే ఈ పాఠం.

తాకితే అంటుకుంటుంది

ఫ్రాన్సులోని లియోన్ నగరంలో 1910లో ఎడ్మండ్ లోకార్డ్ అనే శాస్త్రజ్ఞుడు పోలీసుల కోసం ఒక పరిశోధనశాల ప్రారంభించాడు. అదేదో పెద్ద మేడ అనుకునేరు! అటక మీది రెండు గదులు. ఒక సూక్ష్మదర్శిని, మరికొన్ని పరికరాలు. ఆయన పట్టుకున్న సూత్రం చాలా చిన్నది. రెండు వస్తువులు ఒకదానినొకటి తాకినప్పుడు, దీనిది దానికీ దానిది దీనికీ ఎంతో కొంత అంటుకుంటుంది. వరిచేలో నడిచివస్తే మీ కాళ్లకు బురద అంటుతుంది, చేలో మీ అడుగు మిగులుతుంది. నేరస్థుడికీ ఇదే వర్తిస్తుంది. దొంగ నాణేలు తయారు చేస్తున్నారని అనుమానించినవారి బట్టలను లోకార్డ్ తెప్పించి, ఆ మడతల్లోని దుమ్ము దులిపి పరీక్షించాడు. నాణేల్లో వాడిన లోహాల రేణువులే ఆ దుమ్ములో కనిపించాయి. వాళ్లు ఎన్ని మాటలు మార్చినా చొక్కా మడత మాట మార్చలేదు.

లోకార్డ్ కంటే ముందే, 1893లో, ఆస్ట్రియాకు చెందిన హాన్స్ గ్రాస్ అనే న్యాయాధికారి నేర పరిశోధన మీద పెద్ద గ్రంథం రాశాడు. మనకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఏమిటంటే, ఆ గ్రంథానికి ఇంగ్లీషు అనువాదం 1906లో వెలువడింది లండనులో కాదు, మన మద్రాసులో! జాన్ ఆడమ్, కాలియర్ ఆడమ్ అనే ఇద్దరు న్యాయవాదులు దాన్ని మన దేశపు పద్ధతులకు తగినట్లు మార్చి రాశారు. అప్పట్లో ఈ గోదావరి ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోదే కదా. దర్యాప్తు అధికారి కచేరీలో కూర్చుని సాక్షులను ప్రశ్నించడంతో సరిపెట్టుకోకూడదు, స్థలానికి వెళ్లి కళ్లతో చూడాలి, కొలవాలి, రాయాలి అని గ్రాస్ నొక్కి చెప్పాడు. ఇప్పుడు మనకు మామూలుగా తోచే ఈ మాట ఆ రోజుల్లో కొత్త.

ముందు చేయవలసింది: ఏమీ చేయకపోవడం

ఊళ్లో ఒక ఇంట్లో దొంగతనం జరిగిందనుకోండి. ఏం జరుగుతుంది? ఇంటిల్లిపాదీ బీరువా దగ్గరకు పరుగెడతారు. తలుపు మూసి చూస్తారు, తెరిచి చూస్తారు. చెదిరిన బట్టలు మడతపెడతారు. ఇరుగు పొరుగు వచ్చి పరామర్శిస్తారు, కిటికీ ఊచ వంగిన చోట వేలు పెట్టి మరీ చూస్తారు. అన్నిటికంటే ముఖ్యం, అలవాటు ప్రకారం ఎవరో ఒకరు వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుతారు. ముగ్గు కూడా పడుతుంది! రాత్రి వచ్చినవాడి అడుగులు ఆ పేడనీళ్ల కిందికి పోతాయి. దొంగకు ఇంతకంటే సాయం చేసేవాళ్లు ఎవరైనా ఉంటారా?

అందుకే మొదట వచ్చిన పోలీసు చేయవలసిన పని వెతకడం కాదు. గాయపడినవారు ఉంటే వారిని కాపాడటం, ఆ తర్వాత చుట్టూ తాడు కట్టి ఎవరినీ లోపలికి పోనివ్వకపోవడం. తాడు ఎంత దూరంలో కట్టాలి? అనుకున్నదానికంటే దూరంగా. ఎక్కువ స్థలాన్ని కాపాడితే తర్వాత తగ్గించుకోవచ్చు. తక్కువ కాపాడితే, బయట నలిగిపోయినదాన్ని తిరిగి తేలేం. తాడు లోపలికి వెళ్లడానికి ఒకే దారి ఏర్పాటు చేస్తారు. నేరస్థుడు వచ్చిన దారి కాకుండా, వాడు నడిచి ఉండడానికి అవకాశం తక్కువగా ఉన్న దారిని ఎంచుకుంటారు. ఎవరు లోపలికి వెళ్లారు, ఏ సమయానికి వెళ్లారు, ఎప్పుడు బయటికి వచ్చారు అన్నది ఒకరు రాస్తూ ఉంటారు. పెద్ద అధికారి వచ్చినా ఆ పుస్తకంలో పేరు పడవలసిందే. పడుతుందా అంటే, పడాలి!

ఇంట్లో వాళ్ల వేలిముద్రలు కూడా తీసుకుంటారని మీరు వినే ఉంటారు. వాళ్లను అనుమానించి కాదు. బీరువా మీద ఉన్న ముద్రల్లో ఇంటివాళ్లవి తీసేస్తే మిగిలేవి ఎవరివి అన్న లెక్క కోసం.

తాకకముందు బొమ్మ

స్థలం భద్రంగా ఉంది. ఇప్పుడు వెతకవచ్చా? ఇంకా లేదు. ముందు ఫోటోలు. దూరం నుంచి మొత్తం స్థలం కనిపించేలా ఒకటి, కొంచెం దగ్గరగా వచ్చి ఏ వస్తువు దేని పక్కన ఉందో తెలిసేలా ఒకటి, మరీ దగ్గరగా వస్తువు ఒక్కటే కనిపించేలా ఒకటి. దగ్గర ఫోటోలో ఒక కొలబద్ద పెట్టి తీరాలి. లేకపోతే ఫోటోలోని అడుగు పిల్లవాడిదో పెద్దవాడిదో ఎలా తెలుస్తుంది?

ఫోటో చాలదు, పటం కూడా గీయాలి. ఫోటోలో దగ్గరి వస్తువు పెద్దగా, దూరపు వస్తువు చిన్నగా పడుతుంది. దూరాలు నమ్మడానికి లేదు. పటంలో కొలతలు ఉంటాయి. ఇక్కడ మీ లెక్కల మాస్టారు చెప్పిన రేఖాగణితం పనికొస్తుంది. పెరట్లో ఒక కొడవలి పడి ఉంది. బావిగట్టు మూల నుంచి దానికి 4.20 మీటర్లు, వంటింటి గుమ్మం మూల నుంచి 3.10 మీటర్లు. ఆ రెండు మూలల మధ్య దూరం కూడా కొలిచారు. ఇప్పుడు కాగితం మీద ఒక మూల కేంద్రంగా ఒక వృత్తం, రెండో మూల కేంద్రంగా ఇంకొక వృత్తం గీయండి. అవి ఖండించుకున్న చోట కొడవలి ఉంది. వృత్తాలు రెండు చోట్ల ఖండించుకుంటాయి గదా అని అడిగినవాడు తెలివైనవాడు. అందుకే కొడవలి ఏ వైపున ఉందో పక్కన రాసి పెట్టాలి. కొడవలిని తీసేసి పదేళ్లయినా సరే, బావిగట్టూ గుమ్మమూ ఉన్నంతకాలం దాని చోటు చెక్కుచెదరదు. అయితే ఆ రెండు గుర్తులూ కదలనివై ఉండాలి. ఎడ్లబండి నుంచి, పడవ నుంచి కొలవకూడదు. సముద్రతీరం లాంటి చోట ఇదే పెద్ద చిక్కు. ఇసుక దిబ్బలు కదులుతాయి. దూరంగా ఉన్న సర్వే రాయినో, పక్కా కట్టడాన్నో ఆధారం చేసుకోవాలి. పైగా అక్కడ సముద్రం సుమారు పన్నెండున్నర గంటలకు ఒకసారి పోటెత్తి గచ్చు కడిగినట్టు కడిగేస్తుంది. కనుక ఏది ముందు మాయమవుతుందో దాన్నే ముందు చూడాలి. పోటు నీళ్లకు దగ్గరలో ఉన్న అడుగు ముందు, దిబ్బ మీది సీసా తర్వాత.

చాళ్లు, చుట్టలు, చక్రాలు

ఇప్పుడు వెతుకులాట. దానికి లోకమంతటా వాడే పద్ధతులు కొన్ని ఉన్నాయి. పేర్లు కొత్తగా అనిపించినా, మన ఊళ్లో పుట్టినవాళ్లకు అవి ఎరిగినవే.

ఖాళీ పొలం, మైదానం లాంటి చోట మనుషులు వరసగా నిలబడి, పక్కవాడికి చేయి చాపినంత దూరంలో ఉండి, ఒకే వేగంతో ముందుకు నడుస్తారు. నాగలి చాళ్లు పోసినట్టు. చివరికి చేరాక పక్కకు జరిగి వెనక్కి వస్తారు. ఎవరికైనా ఏదైనా కనిపిస్తే చేయెత్తుతాడు. వరస మొత్తం ఆగుతుంది. తనంతట తాను వంగి తీయకూడదు. ఇదే స్థలాన్ని మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా వెతికితే అది గళ్ల పద్ధతి. రైతు నిలువుదుక్కి అయ్యాక అడ్డదుక్కి దున్నడం ఎందుకు? మొదటి దుక్కిలో మిగిలిన గడ్డ రెండో దుక్కిలో పగులుతుందని. ఇక్కడా అంతే. ఉదయం ఎండలో నిలువుగా నడిచినప్పుడు గడ్డిపోచ నీడలో దాక్కున్న గుండీ, అడ్డంగా వచ్చినప్పుడు తళుక్కుమంటుంది. సమయం రెట్టింపు పడుతుంది. నా మటుకు నేను, సమయం ఉంటే ఇదే మేలంటాను.

మనుషులు తక్కువగా ఉంటే, ముఖ్యంగా ఒక్కడే ఉంటే, దోమల చుట్టలా నడుస్తారు. బయటి అంచున మొదలుపెట్టి గుండ్రంగా తిరుగుతూ మధ్యకు చేరడం. మధ్యలో మొదలుపెట్టి బయటికి రావడం కూడా ఉంది గాని, ఆ మధ్యకు చేరడానికి ముందే కొంత తొక్కేస్తాం. ఇంటి లోపల అయితే గదికొక భాగం, పెద్ద గది అయితే నాలుగు భాగాలు. ఒక్కొక్క భాగానికి ఒక్కొక్కరు బాధ్యులు. కొబ్బరితోటల్లో బోదెలే సహజమైన హద్దులు. బోదెకూ బోదెకూ నడుమ ఉన్న మడిని ఒక భాగంగా తీసుకోవచ్చు. ఇక చక్రం పద్ధతిలో, బండిచక్రం ఆకుల్లాగా మధ్య నుంచి నలువైపులా నడుస్తారు. బండి చక్రాన్ని ఒకసారి బాగా చూడండి. కుండ దగ్గర ఆకులు దగ్గర దగ్గరగా ఉంటాయి, అంచుకు పోయేకొద్దీ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీలో ఏముందో ఎవరూ చూడరు. అందుకని చిన్న గుండ్రని స్థలానికి తప్ప ఇది పనికిరాదు.

ఏ పద్ధతైనా ఒకటి చాలు, పద్ధతి ఉండాలి అంతే. మా బడి ఆవరణలో ఒకసారి పిల్లలను రెండు జట్లు చేశాను. ఒకే కొలత ఉన్న రెండు చదరాలు గీసి, ఒక్కొక్కదానిలో గుండుసూది, చొక్కా గుండీ, అగ్గిపుల్ల, పెన్ను మూత, వడ్లగింజ లాంటివి పది చొప్పున పడేశాను. మొదటి జట్టుకు ‘వెతకండి’ అని మాత్రమే చెప్పాను. రెండో జట్టుకు దారాలు కట్టి చాళ్లు వేసి ఇచ్చాను. మొదటి జట్టులో అందరూ తళుక్కుమన్న వస్తువు వైపే పరుగెత్తారు. మెరవనివన్నీ వాళ్ల కాళ్ల కిందే ఉన్నాయి. రెండు వస్తువులైతే అసలు మట్టిలోకి దిగిపోయాయి. రెండో జట్టు ఆలస్యంగా ముగించింది గాని వడ్లగింజ కూడా తెచ్చింది. మనిషి కన్ను తాను చూడాలనుకున్నదాన్నే చూస్తుంది. చాలు గీసేది ఆ కంటికి కళ్లెం వేయడానికే.

దీనికి నిజంగా జరిగిన సాక్ష్యం ఒకటి చెబుతాను. ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో మొదలైంది. మరుసటి ఏడు, బెంగాలులోని జల్పాయిగురి ప్రాంతంలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. పెట్టె పగలగొట్టి ఉంది. ఆ పెట్టెలోని కాగితాల మధ్య ఒక బెంగాలీ పంచాంగం ఉంది. దాని మీద గోధుమరంగు మరకలు. వాటిలో ఒకటి వేలిముద్ర! కలకత్తాకు పంపితే, ఇంతకుముందు ఆ ఇంట్లోనే పనిచేసి, దొంగతనానికి జైలుకు వెళ్లివచ్చిన మనిషి ముద్రతో అది సరిపోయింది. ముద్రలను పోల్చినవాళ్ల గొప్పతనం గురించి పుస్తకాలన్నీ రాస్తాయి. చిందరవందరగా ఉన్న ఆ కాగితాల్లో పంచాంగాన్ని పారేయకుండా తీసి చూసినవాడిని ఎవరూ తలవరు. కోర్టు ఆ మనిషికి దొంగతనానికి మాత్రమే శిక్ష వేసింది. హత్య చేసింది అతడే అనడానికి ముద్ర ఒక్కటే చాలదంది. ముద్ర ‘ఇతడు ఇక్కడికి వచ్చాడు’ అని మాత్రమే చెబుతుంది. ఆ తేడాను ఆనాడే గుర్తించిన జడ్జీని మెచ్చుకోవాలి.

కాలికి అంటిన ఊరు

కోనసీమ పిల్లలకు ప్రత్యేకంగా చెప్పవలసింది మట్టి గురించి. 1908లో జర్మనీలో ఒక హత్య కేసులో జార్జ్ పాప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అనుమానితుడి బూట్లు పరీక్షించాడు. మడమ ముందు భాగంలో మట్టి గట్టిగా పేరుకుని ఉంది. ఆయన దాన్ని గీకి కలిపేయలేదు. ఉల్లిపొరలు తీసినట్టు ఒక్కొక్క పొరే తీశాడు. లోపలి పొరలో బాతు రెట్ట. అది వాడి ఇంటి ముందరిది. దానిపైన గడ్డి, ఆపైన నేరం జరిగిన చోటి ఎర్రటి ఇసుకరాతి మట్టి, ఇంకా పైన నేరానికి వాడిన వస్తువులు దొరికిన చోటి మట్టి. ఆ రోజు తన పొలానికే వెళ్లానని వాడు అన్నాడు. కాని వాడి పొలం మట్టి బూటు మీద ఎక్కడా లేదు! పొరల వరస వాడు నడిచిన దారిని వరసగా చెప్పింది.

ఇప్పుడు మన సంగతి చూడండి. సఖినేటిపల్లి రేవులో పంటు దిగి, ఏటిగట్టు ఎక్కి, కాలువగట్టు వెంట కొబ్బరితోటల్లోంచి అంతర్వేది సముద్రం దాకా నడిచినవాడి చెప్పులకు ఎన్ని రకాల మట్టి అంటుతుంది? గోదావరి ఒండ్రు మెత్తగా, జిగటగా ఉంటుంది. సముద్రపు ఇసుక గరుకుగా ఉంటుంది. అందులో నల్లటి చారలు మీరు చూసే ఉంటారు. ఒక అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆ నల్ల ఇసుకలో తిప్పండి. మాగ్నటైటు రేణువులు చటుక్కున అంటుకుంటాయి. ఇల్మనైటు అంత గట్టిగా అంటదు. ఎర్రగా మెరిసేవి గార్నెట్లు. గవ్వల ముక్కలు ఉంటే, సజల హైడ్రోక్లోరికామ్లం చుక్క వేయగానే బుసబుస పొంగుతుంది. కాల్షియం కార్బొనేటు నుంచి బొగ్గుపులుసు వాయువు వస్తుందని మీ పాఠంలోనే ఉంది. (నత్తగుల్లలు కలిస్తే కాలువ మట్టి కూడా పొంగుతుంది. కాబట్టి ఒక్క పరీక్షను నమ్ముకోకూడదు.) నేరస్థలం నుంచి ఒక చెంచా మట్టి తీసుకుని వస్తే చాలదు. చుట్టుపక్కల నాలుగైదు చోట్ల, అనుమానితుడు తాను వెళ్లానని చెప్పిన చోటా నమూనాలు తీయాలి. పోల్చడానికి రెండోది లేకపోతే మొదటిదానికి విలువ లేదు.

బూడిదలో వెతకడం

అన్నిటికంటే కష్టమైన స్థలం కాలిపోయిన స్థలం. నిప్పు తన ఆనవాళ్లను తానే తింటుంది. మిగిలినవాటిని మనం ఆర్పడానికి పోసిన నీళ్లు కొట్టుకుపోతాయి. ఆర్పకుండా ఉండలేం గదా! పైకప్పు కూలి పడుతుంది. జనం కాలిన ముక్కలను చేతిలోకి తీసుకుని చూస్తారు.

ఇక్కడ వెతికే దిక్కు ఒకటి ఉంది: తక్కువ కాలిన చోటి నుంచి ఎక్కువ కాలిన చోటికి. మంట సాధారణంగా పైకీ పక్కలకూ విచ్చుకుంటుంది. గోడ పక్కన పుడితే, ఆ గోడ మీద మసి గరాటు ఆకారంలో, కింద సన్నగా పైన వెడల్పుగా పడుతుంది. గరాటు మొన ఎక్కడుందో నిప్పు పుట్టిన చోటు దానికి దగ్గరలో ఉండవచ్చు. దుంగ ఏ వైపు ఎక్కువ లోతుగా బొగ్గయిందో చూస్తారు. బూడిదను పారతో ఎత్తి పోయకూడదు; పొరలు పొరలుగా, పై నుంచి కిందికి తీయాలి. పైకప్పు రేకు కింద బూడిద ఉంటే, రేకు పడేలోపే అది కాలింది. రేకు పైన ఉంటే తర్వాత. పొరల క్రమమే కాలక్రమం.

లోహాలు ఉష్ణమాపకంలాగా పనిచేస్తాయి. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియసు దగ్గర కరుగుతుంది, రాగి 1085 దగ్గర. అల్యూమినియం గిన్నె ముద్దయి, పక్కనే ఉన్న రాగి చెంబు చెక్కుచెదరకపోతే అక్కడి వేడి ఏ మధ్య ఉందో ఊహించవచ్చు. కరెంటు తీగ చివర రాగి పూసలా గుండ్రంగా కరిగి ఉంటే అక్కడ మెరుపు పుట్టిందని అర్థం. అయితే మంట వల్ల తీగ పైతొడుగు కాలి, ఆ తర్వాత మెరుపు పుట్టిందా? మెరుపు వల్లే మంట పుట్టిందా? పూసను చూడగానే ‘కరెంటే కారణం’ అని తేల్చేవాడి మాట నమ్మకండి.

ఎవరైనా కిరోసినో పెట్రోలో పోశారా? పోసినదంతా కాలిపోతుంది గదా అని మీరు అడగవచ్చు. కాలదు! కొంత నేల పగుళ్లలోకి, మట్టిలోకి ఇంకుతుంది. అక్కడ ప్రాణవాయువు అందదు కనుక అది కాలకుండా మిగులుతుంది. ఆ మట్టిని గాలి చొరని మూత ఉన్న కొత్త రేకు డబ్బాలోనో గాజు సీసాలోనో పెట్టాలి. నిండుగా కాదు, పైన మూడో వంతు ఖాళీ ఉంచాలి. ఆ ఖాళీలో చేరే ఆవిరినే పరిశోధనశాలలో పరీక్షిస్తారు. సిరాచుక్కను అద్దుడు కాగితం మీద నీటితో విడదీస్తే రంగులు వేరవుతాయి చూశారా, అదే సూత్రం మీద వాయువుల క్రోమటోగ్రఫీ ఆవిరిలోని పదార్థాలను వేరు చేస్తుంది. మామూలు పాలిథిన్ సంచిలో వేస్తే ఆవిరి సంచి గోడల్లోంచే పోతుంది. పైగా టేకు చెక్కలో సహజంగానే నూనె ఉంటుంది. ఆ నూనెను చూసి పొరపడకుండా, కాలని టేకు ముక్క ఒకటి విడిగా పంపాలి. రథం లాంటిది మొత్తం కాలిపోయినప్పుడు ఆ కాలని ముక్క కోసం వెతకడమే ఒక పని.

కాగితమా, డబ్బా?

నెత్తురు అంటిన గుడ్డ విషయంలో ఇది తలకిందులు. దాన్ని గాలి చొరని సంచిలో కట్టారో, తడికి బూజు పట్టి సూక్ష్మజీవులు అంతా పాడు చేస్తాయి. నీడన ఆరబెట్టి కాగితపు కవరులో పెట్టాలి. వస్తువుకొక కవరు. రెండు చొక్కాలు ఒకే కవరులో వేస్తే దాని నెత్తురు దీనికి అంటి, లోకార్డ్ సూత్రం మన మీదికే తిరుగుతుంది. హైదరాబాదులో లాల్జీ సింగ్ 1988లో డి.ఎన్.ఏ. ముద్రలు తీసే పద్ధతిని మన దేశంలో రూపొందించిన తర్వాత ఈ జాగ్రత్త మరీ పెరిగింది. ఇప్పుడు కంటికి కనిపించని మరక కూడా మనిషిని పట్టిస్తుంది. ఒక్క తుమ్ము కూడా దాన్ని చెడగొడుతుంది.

కవరు మీద ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు అన్నవి రాసి, మధ్యవర్తుల చేత సంతకాలు పెట్టించి, లక్కతో సీలు వేస్తారు. మన వైపు మధ్యవర్తులుగా ఎక్కువసార్లు వచ్చేది గ్రామ రెవెన్యూ ఉద్యోగులే. అక్కడి నుంచి అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారినా సంతకం ఉండాలి. ఒక్క సంతకం తప్పినా ‘ఈ మధ్యలో దీన్ని మార్చలేదని ఏమిటి నమ్మకం?’ అని వకీలు అడుగుతాడు. అడగాలి కూడా.

ఇదంతా కాగితాల గొడవ అనిపిస్తే ఈ సంగతి వినండి. 2007 డిసెంబరులో, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో ఒక యువకుడిని అరెస్టు చేశారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతడిని నిర్దోషిగా విడిచిపెట్టింది. అప్పటికి అతడి యౌవనంలో ఎనిమిదేళ్లు జైల్లో గడిచిపోయాయి. మరి నేరం చేసింది ఎవరు? హైకోర్టు 2018లో సి.బి.ఐ. చేత మళ్లీ దర్యాప్తు చేయించమంది. తీరా చూస్తే, ఆ కేసులోని వస్తు ఆధారాలు విజయవాడ కోర్టులో అప్పటికే నాశనం చేసేశారని తేలింది. 2019 డిసెంబరులో సమాధి తవ్వి, అస్థికలను మళ్లీ పరీక్షించవలసి వచ్చింది. ఒక కన్నతల్లి ఆ రోజు అనుభవించినదాన్ని రాయడానికి నా దగ్గర మాటలు లేవు. ఒక కవరు, ఒక సీలు, ఒక అలమర. వాటి విలువ అంత.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు గాని అంతకు మించి గాని శిక్ష పడదగిన నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని, ఆ పనిని వీడియో తీయాలని చెబుతోంది. దీన్ని అమలు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చింది. నిపుణుడు రావడానికి గంటలు పట్టే మా లంక గ్రామాల వంటి చోట్ల, ఆయన వచ్చేదాకా తాడు దగ్గర నిలబడే కానిస్టేబులే అసలు శాస్త్రజ్ఞుడు.

మీరూ చేసి చూడండి

తడిమట్టిలో కుక్క అడుగు స్పష్టంగా పడిన చోటు చూసుకోండి. చుట్టూ అట్టముక్కను గోడలా నిలపండి. పాత డబ్బాలో ఒక గ్లాసు నీళ్లు పోసి, రెండు గ్లాసుల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కొంచెం కొంచెంగా నీళ్లలో వేస్తూ దోసెల పిండిలా కలపండి. ముద్ర మీద నేరుగా పోస్తే అంచులు చెదురుతాయి. ఒక చెంచాను అడ్డంపెట్టి దాని మీదుగా జారనివ్వండి. సగం పోశాక నాలుగు కొబ్బరి ఈనెలు అడ్డంగా పెట్టి మిగతాది పోయండి, అచ్చు విరగకుండా ఉంటుంది. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది. కాల్షియం సల్ఫేటు నీటిని తిరిగి కలుపుకుని జిప్సం అవుతోందన్నమాట. ఆ సమయంలో వేళ్లు అందులో ఉంచకండి, కాలుతుంది. అరగంట తర్వాత లేపి, ఒక రోజంతా ఆరనిచ్చి, మెత్తని బ్రష్షుతో మట్టి దులపండి. కుక్క ముందుకాలి ముద్ర వెనకకాలి ముద్ర కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. మీ అచ్చు ఏ కాలిదో చెప్పాలంటే పోల్చడానికి రెండోది కావాలి. అదే వరసలో పక్క అడుగును కూడా పోసి ఉంచారా?